మూడో మెషీన్‌లో మిగిలిన రోడ్డు

“ఆ వైరు ముట్టుకోకు మంగీలాల్,” అంది పుష్పలత, ఇంకా ఆఖరి మెట్టు మీద ఉండగానే.

మంగీలాల్ చెయ్యి కంప్యూటర్ వెనక అలాగే ఆగింది. చండ్రుగొండ సెంటర్‌లో ఎరువుల దుకాణం మీది గది అది. అయిదు కంప్యూటర్లు, అయిదు ప్లాస్టిక్ కుర్చీలు, గోడకు ‘మంగీ గేమింగ్’ అని ఒక ఫ్లెక్సీ. పదకొండు రోజులుగా నెట్టు లేక ఈగలు తోలుకుంటున్న మనిషికి ఇవాళ కనెక్షన్ వస్తోంది. కిటికీ అవతల స్తంభమెక్కి కేబుల్ భద్రు తీగలు కలుపుతున్నాడు. అలాంటి వేళ ముక్కూమొహం తెలియని ఆడమనిషి వచ్చి పేరు పెట్టి పిలిచి మరీ ఆపేసరికి మంగీలాల్‌కు కోపం రావాల్సింది. దానికంటే ముందు భయం వచ్చింది.

“మీరెవరు మేడం?”

“పుష్పలత. డిటెక్టివ్‌ని, ఖమ్మం నుంచి వచ్చిన. నెట్టు వైరు ఏ మెషీన్‌కూ పెట్టకు. ఒక్కటి గుర్తుంచుకో, మూడో మెషీన్‌కు నెట్టు తగిలిందంటే ఒక మనిషిని రెండోసారి చంపినట్టే.”

ఆమె తన డైరీ తీసి టైము రాసుకుంది. పదకొండూ అయిదు. జిల్లా పోలీసుల్లో కంప్యూటర్ల ముందు ఆరేళ్లు పనిచేసి, ఆ ఉద్యోగం వదిలేసి సొంతంగా ఆఫీసు తెరిచినా, నిమిషాలు రాసుకునే అలవాటు మాత్రం పోలేదు. పోగొట్టుకోవాలని ఆమెకు లేదు కూడా. మనుషులు మాట మారుస్తారు, గడియారం మార్చదని ఆమె నమ్మకం.

కేసు చిన్నదే. తొమ్మిది రోజుల కిందట, మే పద్నాలుగు బుధవారం సాయంత్రం, కోటేష్ అనే లారీ డ్రైవరు అడవి దారిలో మూడో కల్వర్టు కింద శవమై కనిపించాడు. పక్కన అతని మోటారు సైకిలు, ఒక ఖాళీ సీసా. కల్వర్టు ఎడమవైపు పిట్టగోడ మూడడుగుల మేర విరిగి ఉంది. తాగి వచ్చి, గోడను గుద్ది, గోడతో పాటు వాగు రాళ్ల మీద పడ్డాడని సీఐ బాలకృష్ణ తేల్చేశాడు. ఇవాళ సాయంత్రం అయిదింటికి ఫైలు మూసేస్తానని కోటేష్ చెల్లెలు సోనికి ఫోన్ చేసి మరీ చెప్పాడు. సోని మాత్రం రెండు మాటల మీద నిలబడింది. మా అన్న చుక్క ముట్టడు. ఆ దారిలో ఏ గుంత ఎక్కడుందో వాడికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

ఆ రెండో మాట వెంటే పుష్పలత ఇక్కడిదాకా వచ్చింది. కోటేష్ రోజూ చండ్రుగొండ తోటల నుంచి పామాయిల్ గెలలు అశ్వారావుపేట తోలేవాడు. ఇంటికొచ్చాక అదే దారిని కంప్యూటర్‌లో కట్టేవాడు. ‘ఘాట్ లోడ్’ అని లారీ నడిపే ఆట ఒకటుంది. ఆడేవాళ్లు తమకు నచ్చిన రోడ్లూ బండ్లూ సొంతంగా తయారుచేసి అందులో కలుపుకోవచ్చు. వాటినే మోడ్‌లంటారు. కోటేష్ మోడ్ పేరు ‘మా అడవి దారి’. ప్రతి ఆదివారం పొద్దున, ఆ వారం రోడ్డు మీద ఏది మారితే దాన్ని ఆటలోనూ మార్చేవాడు. చెట్టు కూలితే ఆటలోనూ కూల్చేవాడు, గుంత పూడిస్తే ఆటలోనూ పూడ్చేవాడు. ఆర్ అండ్ బీ వాళ్లు కూడా ఆ రోడ్డు మీద అంత శ్రద్ధ పెట్టి ఉండరు.

కష్టమంతా ఆ మోడ్‌ను సంపాదించడంలోనే వచ్చింది. ఆటను రెండు ఆన్‌లైన్ దుకాణాలు అమ్ముతాయి, నార్త్‌డాక్, ప్లేబజార్. మోడ్‌లు మాత్రం నార్త్‌డాక్‌లోనే, అదీ అక్కడ ఆట కొన్నవాళ్లకే. పుష్పలత తొందరపడి ప్లేబజార్‌లో కొన్నది. కొన్నాక చూస్తే రోడ్లున్నాయి, లారీలున్నాయి, కోటేష్ రోడ్డు లేదు. నార్త్‌డాక్ పేజీని బయట నుంచి చూడొచ్చు కానీ తీసుకోవడానికి లేదు. నిన్న గురువారం సాయంత్రం నాలుగున్నరకు ఆ పేజీ మొత్తాన్నీ ఫోటోలు తీసి పెట్టుకుంది. ఆరింటికి నార్త్‌డాక్‌లో మళ్లీ ఆట కొని తెరిచేసరికి ‘ఈ మోడ్ ఇక లేదు’ అని వచ్చింది. మోడ్ నంబరు ఇస్తే ఫైలు ఇస్తామనే సైట్లు మూడు వెతికింది. ఒకటి లేదంది, ఒకటి పందేల యాప్ దించబోయింది, మూడోది బ్యాంకు కార్డు నంబరు అడిగింది. ఆ మోడ్‌ను తీసుకున్నది మొత్తం నలభై ఒక్కమంది. అంత చిన్నదాన్ని దాచిపెట్టే పని ఎవరికుంటుంది? పైగా నార్త్‌డాక్‌లో మోడ్ తీసేస్తే, తీసుకున్నవాళ్ల మెషీన్ నెట్టు చూసిన మరుక్షణం అక్కడా చెరిగిపోతుంది.

అయితే ఆమె తీసిన ఫోటోల్లో ఒక కామెంటు ఉంది. ‘మా మూడో మెషీన్‌ల పిలగాండ్లు దినాం గిదే ఆడుతుండ్రు భయ్యా. – మంగీ గేమింగ్, చండ్రుగొండ.’ తేదీ మే పన్నెండు, సాయంత్రం నాలుగు. ఆ సాయంత్రమే పెద్ద గాలివాన కొట్టి చండ్రుగొండలో స్తంభాలు పడ్డాయని, కరెంటు మర్నాడే వచ్చినా కేబుల్ నెట్టు ఇప్పటికీ రాలేదని పొద్దున టీ కొట్టులో విన్నప్పుడు పుష్పలత గ్లాసు సగంలోనే పెట్టేసి లేచింది.

“ఆ ఆట మా దగ్గర లేదు మేడం,” అన్నాడు మంగీలాల్ చూపు తప్పిస్తూ.

“కామెంటు నువ్వే పెట్టినవ్ గదా.”

“పెట్టిన గానీ... తీసేసిన.”

“ఒక్క ఐడీతో అయిదు మెషీన్లు నడుపుతున్నవ్, అదేనా నీ భయం? నేను నార్త్‌డాక్ దుకాణమోళ్ల మనిషిని కాదు. కోటేష్ చెల్లెలి తరఫున వచ్చిన.”

కోటేష్ పేరు వినగానే మంగీలాల్ కుర్చీలో కూలబడ్డాడు. కోటేష్ భయ్యా ఇదే కుర్చీలో కూర్చుని రోడ్డు బాగుందా, స్టీరింగు బరువుందా అని పిల్లల్ని అడిగేవాడని, వాళ్లు తప్పు చెబితే నవ్వి సరిచేసేవాడని చెప్పాడు. చెబుతూ చెబుతూ ముక్కు చీదుకున్నాడు. పుష్పలత అతన్ని తేరుకోనిచ్చి అప్పుడు ప్రశ్నలు మొదలుపెట్టింది.

“నెట్టు పోయింది ఎన్నింటికి?”

“పన్నెండో తారీకు, ఆరుంబావుకు. స్తంభం పడ్డ సప్పుడు గూడ విన్న.”

“ఆ తర్వాత ఫోను నెట్టుతోనన్న మూడో మెషీన్‌కు కలిపినవా?”

“లే మేడం. మా ఫోన్ల సిగ్నలే సక్కగ రాదు. పిలగాండ్లు ఆఫ్‌లైన్‌లనే ఆడుతుండ్రు.”

“ఆఖరుగా ఆడింది?”

“నిన్న. కోటేష్ భయ్యా రోడ్డే.”

పుష్పలతకు నవ్వొచ్చింది. నిన్న సాయంత్రం ఆమె ఖమ్మంలో కార్డు నంబర్లు అడిగే సైట్లతో కుస్తీ పడుతుంటే, ఇక్కడ ఎవరో బడిపిల్లలు ఆ సాక్ష్యం మీద హాయిగా లారీ తోలుకున్నారు. ఆమె మూడో మెషీన్ వెనక సాకెట్‌లోకి కాగితం ముక్క మడిచి కుక్కింది, పొరపాటున కూడా వైరు దూరకుండా. తర్వాత మెషీన్ ఆన్ చేసి, ఆట తెరవకుండా ముందు ఫోల్డర్లు వెతికింది. మోడ్‌లకు అక్కడ పేర్లుండవు, నంబర్లే. ఫోటోలోని నంబరు పట్టుకుని ఒక్కొక్కటే చూస్తూ పదకొండోదాని దగ్గర ఆగింది. అదే నంబరు. ఫైలు తేదీ మే పదకొండు ఆదివారం, ఉదయం తొమ్మిదీ నలభై. దాన్ని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కిస్తుండగా మెట్ల మీద బూట్ల చప్పుడైంది.

సీఐ బాలకృష్ణ వచ్చాడంటే గది ఇరుకైపోతుంది. ఒకప్పుడు పుష్పలతకు పై అధికారి. ఆమె పట్టిన రెండు కేసులకు ప్రశంసాపత్రాలు అందుకున్నది ఆయన. ఆమె రాజీనామా ఇచ్చిన రోజున, ఆడవాళ్లకు ఓపిక తక్కువని నలుగురిలో అన్నాడు. మనిషి లంచగొండి కాదు, సోమరి కూడా కాదు. మొదట అనుకున్నదే చివరిదాకా నిజమని అనుకుంటాడు, అంతే. ఆ జబ్బుకు మందు లేదని పుష్పలత ఎప్పుడో ఆశ వదులుకుంది.

“ఏం పుష్పలతా, పొద్దున కల్వర్టు కింద రాళ్లు ఏరుకున్నావట. ఇప్పుడు వీడియో గేములా?” అన్నాడాయన.

“రండి సార్. మీ ఫైలు మూసేముందు ఒక లారీ తోలి చూపిస్తా.”

ఏమిటో చెప్పమన్నాడు. ఆమె నాలుగు వాక్యాల్లో చెప్పింది. ఆయన సగం విని మంగీలాల్ వైపు తిరిగి నెట్టు పెట్టమన్నాడు. కంపెనీ పేజీలో లేనిది, ఎవరో కుర్రాడి కంప్యూటర్‌లో మాత్రమే ఉన్నది, ఏం సాక్ష్యమని ఆయన వాదన. నెట్టు పెట్టి, ఆ కంపెనీవాళ్ల దగ్గరే చూపించాలి. లేదంటే మెషీన్ సీజ్ చేసి స్టేషన్‌కు తీసుకెళ్తాడు, అక్కడ నెట్టుకు పెడతాడు.

“పెట్టిన నిమిషానికి ఇది చెరిగిపోతది సార్.”

“ఎందుకు చెరుగుతుంది?”

“పైన లేదు కాబట్టి. దుకాణం పైన ఏముంటే కిందా అదే ఉంచుతది. నలభై మంది కాడ అట్లనే పోయింది. ఇది నలభై ఒకటోది.”

“నీకు ఎప్పుడూ ఏదో ఒక కథ ఉంటుంది.”

“మీకు ఎప్పుడూ ఒక్కటే ఉంటది సార్, అదే ఇబ్బంది.” ఆమె కుర్చీ జరిపి ఆయనకు చోటిచ్చింది. “సీజ్ చేసుకోండ్రి. పంచనామాల నేనే సాక్షి సంతకం పెడత. కానీ ‘నెట్టు పెట్టొద్దని చెప్పినా పెట్టినం’ అని మీ చేత్తో రాయండ్రి. సరేనా?”

రాతపూర్వకంగా అనేసరికి ఏ పోలీసైనా కొంచెం ఆలోచిస్తాడు. బాలకృష్ణ టోపీ తీసి కుర్చీలో కూర్చున్నాడు. కిటికీలోంచి భద్రు కేకేసి ఇంకెంతసేపని అడిగితే, సీఐయే చెయ్యూపి ఆగమన్నాడు. పుష్పలత అది చూసి కూడా చూడనట్టు ఊరుకుంది.

పదకొండూ ఇరవై ఎనిమిదికి లారీ కదిలింది. మంగీలాల్ తోలుతున్నాడు, పుష్పలత పక్కన నిలబడి దారి చెబుతోంది. తెర మీద రోడ్డు నిజంగా ఆ రోడ్డే. చండ్రుగొండ దాటాక ఎర్రమట్టి ఒడ్డు, వంగిన మైలురాయి, రెండో మలుపులో మొదలు కాలిన ఇప్పచెట్టు. పొద్దున పుష్పలత స్కూటీ మీద ఏ వరసలో చూసిందో అదే వరసలో అవన్నీ వచ్చాయి. ములకలపల్లి అవతలి కోయగూడెంలో పుట్టిన ఆమెకు, చచ్చిపోయిన ఆ కుర్రాడు ఎంత ఇష్టంగా కట్టాడో చూస్తుంటేనే తెలిసింది. ఆమె నీళ్లు తాగి ఆ సంగతి పక్కన పెట్టింది.

“మెల్లగ. మూడో కల్వర్టు ఇదే. ఆపు.”

లారీ ఆగింది. ఎడమవైపు పిట్టగోడ మూడడుగుల మేర విరిగి ఉంది. విరిగిన చోట నాలుగు రాళ్లు పేర్చి, వాటి మధ్య పచ్చికొమ్మ నాటి, కొమ్మకు ఎర్రగుడ్డ కట్టి ఉంది. గుడ్డ మీద పసుపుపచ్చ చుక్కలు.

బాలకృష్ణ ముందుకు వంగాడు.

“ఇది మే పదకొండు పొద్దుటి రోడ్డు సార్. కోటేష్ చచ్చిపోయింది పద్నాలుగున. అతను గుద్దాడని మీరంటున్న గోడ మూడు రోజుల ముందే విరిగి ఉంది. అక్కడి గూడెం ఆదినారాయణ తాత మీకు చెప్పిండు గదా, తొమ్మిదో తారీకున ట్రాక్టర్ ట్రాలీ తగిలి గోడ పోయిందని, చీకట్ల ఎవరూ పడొద్దని తనే కొమ్మ నాటిండని. మీరేమన్నరు? ముసలాయనకు తారీకులు ఏం తెలుసు అన్నరు.”

ఆ దారిలో ఎక్కడ రోడ్డు చెడినా గూడెంవాళ్లు అలా రాళ్లు పేర్చి కొమ్మ నాటుతారు. దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, ఎవరూ దాన్ని పీకరు కూడా. కానీ పద్నాలుగు సాయంత్రం పోలీసులు తీసిన ఫోటోల్లో కొమ్మా లేదు, రాళ్లూ లేవు. గోడ అప్పుడే విరిగినట్టు కనిపించాలని ఎవరో పీకేశారు.

“కంప్యూటర్‌లో తేదీలు ఎవరైనా మార్చొచ్చు,” అన్నాడు సీఐ. గొంతులో ఇందాకటి ఊపు లేదు.

పుష్పలత సంచిలోంచి ప్లాస్టిక్ కవరు తీసి బల్ల మీద పెట్టింది. అందులో వెలిసిన ఎర్రగుడ్డ పేలిక, దాని మీద పసుపుపచ్చ చుక్కలు. పొద్దున ఏడూ యాభైకి, కల్వర్టు నుంచి వాగులో ఇరవై అడుగుల దూరాన, రాయి కింద నొక్కిపెట్టి ఉండగా దొరికింది. ఆదినారాయణ చూసి, మా ఇంటామె పాత చీర ముక్కేనని కోయలో చెప్పాడు. ఆ మాటలు ఆమె ఫోన్‌లో రికార్డయి ఉన్నాయి.

“కంప్యూటర్‌ల తేదీ మార్చొచ్చు సార్. రాయి కింద చీర ముక్క ఎవరు మారుస్తరు?”

బాలకృష్ణ కవరు చేతిలోకి తీసుకుని, తెర వైపూ దాని వైపూ రెండుసార్లు చూసి, జాగ్రత్తగా మళ్లీ బల్ల మీద పెట్టాడు. తప్పు ఒప్పుకోవడం ఆయనకు ఇంతకంటే బాగా చేతకాదు. పుష్పలతకు అది చాలు.

“ఎందుకు చంపినట్టు మరి? పేద డ్రైవరు. శత్రువులెవరూ లేరు,” అన్నాడు.

“అదీ ఇందులనే ఉండాలె.” ఆమె ఫోన్‌లో నిన్నటి ఫోటో తెరిచి చదివింది. ఆఖరి ఆదివారం మోడ్‌తో పాటు కోటేష్ పెట్టిన మాటలవి. ‘ఈసారి ఒక దోస్తు బండి దాచిన. కనిపెట్టినోళ్లకు బిర్యానీ.’ “మంగీలాల్, మీ పిలగాండ్లు ఆ బండిని కనిపెట్టిండ్రా?”

“లే మేడం. అందరు స్పీడు కొట్టుడే, ఆగి చూసేటోడేడి?”

అయితే ఆగి చూద్దామంది. కల్వర్టు దగ్గర నుంచి లారీని నడక వేగంతో తోలించింది. తోలిస్తూ కుడివైపు చెట్లు లెక్కపెట్టింది. పొద్దున నిజం రోడ్డు మీద ఏడో మద్దిచెట్టు పక్కన ఎండిన కొమ్మల కుప్ప ఒకటి చూసింది. అప్పుడు వంటచెరుకని అనుకుని వదిలేసింది. ఆటలో అక్కడ కుప్ప లేదు. సన్నటి బండిబాట లోపలికి పోతోంది. లారీ దించమంది. ముప్ఫై గజాల లోపల, ఆకుల మధ్య, పసుపు టార్పాలిన్ కప్పిన డీసీఎం వ్యాను నిలబడి ఉంది.

“బిర్యానీ నాదే,” అన్నాడు మంగీలాల్. వెంటనే సిగ్గుపడి నోరు మూసుకున్నాడు. అతని ఫోను క్లిక్కుమంది.

“ఫోటో ఎందుకు?” అంది పుష్పలత తల తిప్పకుండానే.

“యాదికి మేడం. స్క్రీను ఒక్కటే తీసిన, మిమ్మల్ని తియ్యలే.”

ఆమె విన్నది కానీ మనసు తెర మీద ఉంది. టైము పదకొండూ నలభై ఒకటి. కోటేష్ ఏది కట్టినా చూసింది చూసినట్టు కట్టేవాడు. టార్పాలిన్ చివర సరిగ్గా కప్పలేదు. దాని కింద నాలుగు గుండ్రటి దుంగల మొదళ్లు. అటవీ శాఖ డిపో కలపకు మొదలు మీద సుత్తి ముద్ర, నంబరు ఉంటాయి. వీటి మీద ఏమీ లేవు.

“దొంగ టేకు,” అన్నాడు బాలకృష్ణ. ఈసారి ఆమె చెప్పాల్సిన పని లేకపోయింది.

“కోటేష్‌కు అది తట్టలే సార్. దోస్తు బండి అడవిల కనపడ్డది, సరదాగా ఆటల పెట్టిండు. ఆ దోస్తు చూసి ఉంటడు. తీసెయ్యమని అడిగి ఉంటడు, గొడవై ఉంటది. నంబరు ప్లేటు కనపడుతుంది, మీ యాప్‌ల కొట్టండ్రి.”

ఆయన ఫోను తీసి నంబరు కొట్టాడు. సిగ్నలు అంతంతమాత్రం, తెర మీద చక్రం తిరుగుతూ ఉండిపోయింది. ఆ ఖాళీలో సీఐకి తన దగ్గరున్న ఆఖరి తురుపు గుర్తొచ్చింది.

“గోడ సంగతి ఒప్పుకుంటా. కానీ నీ క్లయింట్ నీతో నిజం చెప్పడం లేదు. కోటేష్ ఫోను వాగులో పోయిందని ఇంటివాళ్లు చెప్పారు కదా? పోలేదు. నిన్న ఆన్ అయింది, పొద్దున్నే రిపోర్టు వచ్చింది. ఆ ఫోను సోని దగ్గరే ఉంది.”

“ఎన్నింటికి ఆన్ అయింది?”

“సాయంత్రం అయిదూ పదకొండుకు. ఇరవైకి ఆగిపోయింది. తొమ్మిది నిమిషాలు.”

“టవరు?”

“అశ్వారావుపేట.”

పుష్పలత డైరీ తిప్పింది. మోడ్ మాయమైనప్పుడు ఆమె పెద్దగా ఆశ్చర్యపోలేదు. సోని మంగళవారమే అన్న మరణ ధ్రువపత్రం నార్త్‌డాక్‌కు పంపి, ఐడీ మూసేయమని అడిగింది కాబట్టి, వాళ్లే మూశారని అనుకుంది. కానీ కంపెనీ మూయలేదు. కోటేష్ ఫోను చేతిలో ఉన్నవాడు, దానికొచ్చే కోడ్ కొట్టి, కోటేష్ లాగా లోపలికి పోయి తీసేశాడు. నిన్న నాలుగు నుంచి ఆరు దాకా సోని ఖమ్మంలో, పుష్పలత ఎదురుగా, అదే కుర్చీలో కూర్చుని ఏడుస్తోంది. అశ్వారావుపేటలో ఉండే అవకాశమే లేదు.

చంపినవాడు ఎనిమిది రోజులు ఊరుకుని నిన్న అయిదూ పదకొండుకే ఎందుకు కదిలాడు? ఎవరో ఆ మోడ్ వెతుకుతున్నారని అప్పుడే తెలిసింది కాబట్టి. ఎవరు చెప్పారు? ఆమె వేలు పేజీ మీద జారి ఒక గీత దగ్గర నిలిచింది. అది ఆమె చేతిరాతే. ‘5.02. చిరంజీవికి ఫోన్. ప్లేబజార్ ఆటలో ఈ మోడ్ ఎలా పెట్టాలి?’

చిరంజీవి అశ్వారావుపేటలో గెలలు తూచే కాటా దగ్గర గుమస్తా. కోటేష్‌తో కలిసి ఆటలాడే స్నేహితుడు. ఆ నంబరు సోనియే ఇచ్చింది. నా మెషీన్‌ల ఉన్నది అక్కా, రేపు కాపీ తెస్త అన్నాడు. ఇవాళ పొద్దున పదిన్నరకు టీ కొట్టు దగ్గరికి మోటారు సైకిలు మీద వచ్చి, పైన తీసేస్తే నా దగ్గరా పోయిందక్కా అని బాధపడ్డాడు. కోటేష్ పాత లాప్‌టాప్ తండాలో వాళ్లింట్లో ఉంది, సోనిని తీసుకుపోయి తెస్తానన్నాడు. సోని తటపటాయిస్తే, “పో సోనీ, మనోడే గదా,” అని బండెక్కించింది పుష్పలతే. పది నలభై అని టైము కూడా రాసుకుంది.

ఆరేళ్ల ఉద్యోగంలో, నాలుగేళ్ల డిటెక్టివ్ పనిలో తన మీద తనకు అంత అసహ్యం ఎప్పుడూ వేయలేదు.

సీఐ ఫోన్‌లో చక్రం ఆగింది. ఆయన చదివి, తెర ఆమె వైపు తిప్పాడు. డీసీఎం వ్యాను. యజమాని పేరు చిరంజీవి.

“సోని ఇప్పుడు ఆ చిరంజీవి బండి మీదే ఉంది సార్. తండాకు, అడవి దారినే.”

బాలకృష్ణ ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. కిటికీలోంచి కిందున్న డ్రైవరును కేకేసి జీపు స్టార్ట్ చేయమన్నాడు. పుష్పలత సోనికి ఫోన్ చేసింది. పదకొండూ యాభై మూడు. నాలుగో రింగుకు ఎత్తింది.

“అక్కా, లాప్‌టాప్ దొరికింది,” అంది సోని. గొంతు మామూలుగానే ఉంది. “వస్తున్నం. మూడో కల్వర్టు కాడ ఆగినం. చిరంజీవన్న మా అన్న పేరు మీద కొబ్బరికాయ కొడతానంటే...”

కల్వర్టు ఇక్కడికి జీపులో ఇరవై నిమిషాలు. ఇరవై నిమిషాలు వాడికి భయం పుట్టకూడదు. పుష్పలత కిటికీ చువ్వ గట్టిగా పట్టుకుంది. మాట మాత్రం ఎప్పటిలాగే, కొంచెం విసుగ్గా వచ్చింది.

“మంచిది సోనీ. ఇక్కడ పని కాలే. ఎక్కడ వెతికినా ఆట దొరకలే. సీఐ సార్ ఫైలు మీద సంతకం గూడ పెట్టేసిండు. ఇంక ఏం లేదు. చిరంజీవికి గూడ చెప్పు, కాయ కొట్టి నిమ్మళంగ రండ్రి.”

మెట్ల దగ్గర బాలకృష్ణ ఆ అబద్ధం విని తలూపాడు. అవతల సోని ఏడుపు మొదలైంది. ఇంత చేసినా ఫైలు మూసేశారా అని అడుగుతోంది. ఆ ఏడుపు నిజమైనది, అదే ఇప్పుడు ఆమెను కాపాడాలి. ఏడవనీ అనుకుంది పుష్పలత. తర్వాత కాళ్లు పట్టుకునైనా క్షమించమని అడగొచ్చు.

ఫోను చేతులు మారిన చప్పుడైంది.

“అక్కా,” అన్నాడు చిరంజీవి మెత్తగా. “ఆట ఎక్కడ దొరకలేదా?”

“లేదు చిరంజీవీ. నీకు పోయినట్టే అందరికీ పోయింది.”

ఎక్కడో దగ్గర్లోనే సోని ముక్కు ఎగబీల్చడం వినిపించింది. పుష్పలత వెనక్కి తిరిగింది. మంగీలాల్ ఫోను చేత్తో పట్టుకుని, తను చేసిందేమిటో అప్పుడే అర్థమవుతున్న మొహంతో నిలబడి ఉన్నాడు.

“మరి మంగీలాల్ వాట్సాప్ స్టేటస్‌ల నా బండి ఫోటో ఉన్నదేంది అక్కా? పెట్టి పది నిమిషాలైంది.”